బోణీ వేళ రిప్పింగ్ చైన్

అంజన్ చెయ్యి విషయంలో నా తప్పు ఆవగింజంత కూడా లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. బేగంబజార్‌లో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ లోకం మూతికి ఏం పెడతాం? అందుకే జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ కర్మ.

మాది మిషన్ సామాన్ల దుకాణం. చెట్లు కోసే చైన్‌సాలు, వాటి చైన్ తిరిగే ఇనుప బార్లు, చైన్లు, పదును పెట్టే ఆకురాళ్ళు, ఆయిల్ డబ్బాలు అమ్ముతాం. మా ఆయన సోమయ్య పోయాక గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటున్నాను. నా పేరు వాసవాంబ అయినా బజారంతా సేటమ్మ అంటారు. కొడుకు శ్రవణ్‌కుమార్ ఉన్నాడు. పిలిస్తే పలుకుతాడు, చెప్పింది చేస్తాడు. అంతకు మించి వాడి నుంచి నేనేమీ ఆశించలేదు, వాడూ ఇవ్వలేదు.

మా ఆయన ఈ దుకాణానికి ఒక్కటే నియమం పెట్టాడు. పొద్దున్నే మొదటి బేరం జరిగేలోపు ఇక్కడ 'లేదు' అనే మాట వినబడకూడదు. అడిగిన సరుకు లేకపోతే పక్క దుకాణం నుంచి తెప్పించాలి. అక్కడా దొరక్కపోతే దానికి దగ్గరగా ఉన్నదేదో ఒకటి చేతిలో పెట్టాలి. మొదట వచ్చిన మనిషి ఉత్త చేతులతో మెట్టు దిగితే ఆ రోజంతా ఉత్తదే. ఈ నమ్మకం బజారులో అందరికీ ఉంది, మాకు కాస్త ఎక్కువగా ఉంది. ఒకసారి ఎవరో దారి అడగడానికి మెట్టెక్కితే మా ఆయన అతనికి ఆకురాయి అమ్మి, ఆ తర్వాతే దారి చెప్పాడు. వచ్చినవాళ్ళది కూడా అదే పద్ధతి. బోణీ వేళ మెట్టెక్కాక ఏదో ఒకటి కొనకుండా దిగడం వాళ్ళకూ చెడ్డ పేరే.

బోణీకి అందరి చెయ్యీ ఒకటి కాదు. కొందరి చెయ్యి తగిలితే ఆ రోజు ఈగలు తోలుకోవడమే. అంజన్ చెయ్యి మాత్రం మంచిది. వాడు బోణీ చేసిన రోజు సాయంత్రం దాకా మా మెట్టు ఖాళీగా ఉండేది కాదు. అందుకే వాడిని పొద్దున్నే రమ్మని నేనే అలవాటు చేశాను. మిషన్ ఆయిలో, ఒక స్పార్క్ ప్లగ్గో, ఏదో ఒకటి కొని పోయేవాడు. "అమ్మా, నా చెయ్యి గింత మంచిదా?" అని నవ్వేవాడు. పిచ్చి నాయన, వాడికి అదో గొప్ప.

వాడిది పురానాపూల్. తల్లి కొమురమ్మ బర్రెలు పెట్టుకుని ఇళ్ళకు పాలు పోస్తుంది. వాడికి పాల పని పట్టలేదు, కట్టె పని పట్టింది. ఇటువైపు గల్లీల్లో పెద్ద చెట్టు కూలితే లోపలికి లారీ పోదు, క్రేన్ మాట దేవుడెరుగు. మొద్దు సామిల్లుకు రాలేదు కాబట్టి అంజనే మిషన్ భుజాన వేసుకుని మొద్దు దగ్గరికి పోయేవాడు. చైన్‌సాకు ఇనుప చట్రం బిగించి, మొద్దును పడ్డచోటే పలకలు పలకలుగా చీరేవాడు. ఆ పలక మీద గోలీ పెడితే దొర్లేది కాదట, అంత సాపు. పెళ్ళాం పిల్లలున్న వాడి ఇల్లు ఆ కుడిచేతి మీదే నడిచేది, అది నాకూ తెలుసు.

ఇక మా కోడలు స్రవ్య గురించి చెప్పాలి, చెప్పక తప్పదు. ఆమె తండ్రికి బార్కస్ రోడ్డులో మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. చిన్నప్పటి నుంచి ఆ స్పానర్ల మధ్యే పెరిగింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో వంట నేర్చుకో తల్లీ అంటే, వంటతో పాటు మా దుకాణం కూడా నేర్చేసుకుంది. ఏ మిషన్‌కు ఏ బార్, ఏ బార్‌కు ఏ చైన్, అన్నీ నోటికే. కొన్నాళ్ళకు వచ్చినవాళ్ళు మెట్టెక్కుతూనే "అక్క లేదా?" అని అడగడం మొదలుపెట్టారు. గల్లా దగ్గర నేను బొమ్మలా కూర్చుని ఉంటే, అక్క లేదా అట. నా ఒళ్ళు ఎంత మండేదో ఆ పైవాడికే తెలుసు.

ఆ రోజు పొద్దున దీపం పెట్టి, అగరొత్తి వెలిగించి ఇంకా కూర్చోలేదు, అంజన్ వచ్చాడు. చేతిలో కొత్తగా కొన్న పొడుగు బార్ ఉంది, మోకాలి నుంచి భుజం దాకా వచ్చేంత. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, ఎంకటనారాయణ సేటు గోదాంల పాత యాపచెట్టు పడ్డది. ఇద్దరు చేతులు కలిపితే గాని అందదు గంత మొద్దు. సాఫ్‌గ చీరినవంటే ఇగ నా కట్టె మొత్తం నీకే అన్నడు. సాల్‌భర్, ఏడాదంత పని అమ్మా. దీనికి మంచి రిప్పింగ్ చైన్ గావాలె."

వెంకటనారాయణ అంటే పురానాపూల్ దగ్గర తలుపులు, మంచాలు చేయించి అమ్మే పెద్దమనిషి. ఆయన కట్టె దొరికితే అంజన్ బతుకు ఒడ్డున పడ్డట్టే.

చైన్ల సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. కొమ్మ నరకడానికి అడ్డకోత చైన్ వాడతారు, దాని పన్ను బాగా ఏటవాలుగా ఉంటుంది. మొద్దును నిలువునా చీరడానికి ఆ పన్ను పనికిరాదు. కట్టె పీచు పీచుగా లేస్తుంది, మిషన్ వేడెక్కి ఏడుస్తుంది. చీరడానికి పన్ను దాదాపు తిన్నగా ఉండే చైన్ కావాలి, అదే రిప్పింగ్ చైన్. ఇంకో సంగతి, చైన్ అడుగున కాళ్ళుంటాయి. ఆ కాళ్ళు బార్ అంచున ఉన్న గాడిలో కూర్చుని పరుగెత్తుతాయి. కాలి మందం, అంటే గేజ్, గాడికి సరిపోవాలి. కాలు లావైతే గాడిలో దూరదు. సన్నదైతే దూరుతుంది గానీ కుదురుగా ఉండదు.

స్రవ్య ఆ బార్ తీసుకుని, గాడిలో కొలత రేకు పెట్టి చూసింది. లోపలికి పోయి రిప్పింగ్ చైన్ చుట్ట తెచ్చి, దాని కాళ్ళు కూడా కొలిచింది. తర్వాత చుట్టను పక్కన పెట్టేసి, నా నెత్తిన పిడుగు వేసింది.

"అన్నా, నీ బార్ గాడి పెద్దగున్నది. మా తాన ఉన్న రిప్పింగ్ చైన్ సన్న కాళ్ళది. నీకు బరాబర్ అయ్యేది లేదు. ఎల్లుండికి తెప్పిస్త, అప్పటిదాంక ఆగు."

లేదు అంది. అగరొత్తి సగం కూడా కాలలేదు, బోణీ కాలేదు, ఎదురుగా అంజన్. మా ఆయన ఫోటో కిందే నిలబడి లేదు అంది. ఆ క్షణంలో ఆమె చెంప పగలగొట్టకుండా ఎలా ఆగానో నాకే తెలియదు.

అంజన్ మొహం వాడిపోయింది. "ఎల్లుండంటే ఎట్లక్కా, సేటు ఇయ్యాల్నే షురూ చెయ్యమన్నడు" అంటూ బార్ తీసుకుని మెట్టు మీద కాలు పెట్టాడు.

"అంజన్, ఇటు రా బిడ్డా" అన్నాను. "ఆమెకేం ఎరుక. నిన్నగాక మొన్న వచ్చింది. చైన్ ఉన్నది, కూసో."

"అత్తమ్మా, గది ఆ బార్‌కు నడువది" అంది స్రవ్య. "గాడిల ఒరుగుతది. జోరు మీద ఉన్నప్పుడు దుంకుతది. చెయ్యి కాడ దుంకితే ఏమయితదో మీకు ఎరుకనే."

"నీ నోట్ల మంచి మాట రాదా పొద్దు పొద్దున?" అని, కొడుకును పిలిచాను. "శ్రవణ్, చుట్టలకెళ్ళి ఈ బార్ పొడుగు చైన్ కోసి రివిట్ కొట్టియ్యి."

వాడు ఒకసారి భార్య మొహం చూశాడు, ఒకసారి నా మొహం చూశాడు. కాసేపు ఫోన్ మొహం కూడా చూశాడు. తర్వాత కోశాడు. వాడి చేతికి పని చెప్పేది ఎవరో వాడికి తెలుసు.

అంజన్ ఆ చైన్‌ను బార్ మీద వేసి వేలితో కదిపి చూశాడు. వాడు పనిమంతుడే, కాదనను. కనుబొమలు ముడిపడ్డాయి. "అమ్మా, జర ఆడ్తున్నది" అన్నాడు.

"కొత్త కోడలు గుడ మొదట్ల గట్లనే ఆడ్తది. నాలుగు దెబ్బలు పడ్డంక కుదురుకుంటది" అన్నాను.

శ్రవణ్ నవ్వాడు. అంజన్ కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని. స్రవ్య నవ్వలేదు. అంజన్ ఇంకా వేళ్ళతో ఆ చైన్‌ను అటూ ఇటూ అంటూనే ఉన్నాడు. బోణీ వేళ మెట్టెక్కి ఖాళీ చేతులతో దిగడం వాడికీ ఇష్టం లేదు. అందులోనూ వాడిది మంచి చెయ్యి అని పేరు పడ్డదాయె.

"నువ్వు ఇస్తున్నవంటే మంచిదే అయి ఉంటది" అని, డబ్బు నా చేతిలో పెట్టాడు. నోటు కళ్ళకద్దుకున్నాను. వాడు పోయాక స్రవ్యను వాకిట్లోకి పంపి, 'లేదు' అన్న దోషం పోవాలని మెట్ల మీద పసుపునీళ్ళు చల్లించాను. దారిన పోయే హమాలీలు, చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు చూస్తుండగా, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తుండగా, వంగి చల్లింది. అలా చేస్తే గానీ కొందరికి నియమం గుర్తుండదు.

ఆ రోజు బేరం చూడాలి. నిజం చెబుతున్నాను, అన్నం తినడానికి కూడా తీరలేదు. "చూసినవా, మంచి చెయ్యి అంటే గిది" అని కోడలికి వినబడేలా అన్నాను కూడా.

ఎండ తగ్గుతుండగా హమాలీ ఆగయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. మొద్దు చీలిక మూసుకుపోకుండా చెక్క చీలలు కొట్టడానికి అంజన్ ఆ రోజు ఆగయ్యనే వెంట తీసుకుపోయాడు. అతని చొక్కా నిండా నెత్తురు.

"సేటమ్మా, అంజన్ చెయ్యి పోయింది" అన్నాడు.

నీళ్ళు తాగించి అడిగితే చెప్పాడు. మొదటి పలక వంకరగా వచ్చిందట, అలలు అలలుగా. అంజన్ చైన్‌ను బిగించి మళ్ళీ మొదలుపెట్టాడట. మొద్దు నడిమధ్యకు పోయాక చైన్ గాడిలోంచి దూకి, వెనక్కి కొట్టిందట. వెనక పిడి పట్టుకున్నది కుడిచెయ్యి. బొటనవేలు, చిటికెనవేలు తప్ప మిగతావి రంపంపొట్టులో పడ్డాయట. ఆగయ్య వాటిని ఏరి కండువాలో మూటకట్టాడట గానీ, ఆసుపత్రిలో డాక్టర్లు అవి అతకవన్నారట.

అయ్యో అన్నాను. నేనూ మనిషినే కదా. కానీ వెంటనే ఒక సంగతి అడిగాను. "వాని మిషన్‌కు పిడి కాడ చెయ్యికి తగలకుండ అడ్డం ఉండే కాపు ఉన్నదా?" ఆగయ్య ఆలోచించి, ఆ కాపు ఎప్పుడో విరిగిపోయిందన్నాడు. "గదీ సంగతి" అన్నాను. మిషన్ సరిగ్గా ఉంచుకోనిది వాడు. లోపల స్రవ్య చేతిలోంచి ఏదో కింద పడింది. చప్పుడు వినబడింది, ఏం పడిందో చూడలేదు.

మర్నాడు పొద్దున తాళం తీసేసరికి మెట్టు కింద కొమురమ్మ నిలబడి ఉంది. చేతిలో పాల క్యాన్ ఉంది, దాంట్లో పాలు లేవు, ఆ చైన్ ఉంది. మెట్టెక్కబోయింది.

"ఆగు కొమురమ్మా. బోణీ కాలే" అన్నాను. "వాపస్ తెచ్చిన సామాను బోణీకి ముందు మెట్టెక్కద్దు. జర పక్కకు నిలబడు."

పక్కకు నిలబడింది. తోపుడుబండ్లు రాసుకుంటూ పోతున్నాయి, ఎండ ముదురుతోంది. ఆ పొద్దు ఎవరో పాపిష్టివాడు బోణీకి చాలా ఆలస్యం చేశాడు. మధ్యలో స్రవ్య మంచినీళ్ళు తీసుకుని బయటికి పోబోతే గ్లాసు లాక్కుని లోపల పెట్టాను. బోణీ కాకముందు ఇంట్లోంచి నీళ్ళు కూడా బయటికి పోకూడదు. చివరికి ఎవరో వచ్చి ఆయిల్ డబ్బా కొన్నాక పిలిచాను. కొమురమ్మ వచ్చి మెట్టు మీద కూలబడింది.

"నాకు పైసలొద్దు సేటమ్మా" అంది. "మా వోనికి చెయ్యి పోయింది గాని కన్నున్నది. ఏ మొద్దు ఎట్ల చీరాలె, ఏ చైన్ ఎయ్యాలె వానికి ఎరుక. మా అక్క కొడుకు మిషన్ పడ్తనన్నడు, మా వోడు పక్కకు నిలబడి చెప్తడు. గట్లయితే బతుకుతం. గాని ఎంకటనారాయణ సేటు ఏమంటుండు? చైన్ ఏరుకునుడు రానోన్ని నా కట్టె ముట్టనియ్య అంటుండు. గల్లీ మొత్తం గదే మాట. నువ్వొక్క మాట చెప్పు తల్లీ. చైన్ మా దుకాణంల గలత్ ఇచ్చిండ్రని సేటుకు చెప్పు. గంతే."

గంతే అట. ఎంత సులువుగా అడిగిందో చూడండి. సోమయ్య దుకాణంలో తప్పుడు చైన్ ఇస్తారని నా నోటితో నేనే చాటుకోవాలట. రేపటి నుంచి ఈ మెట్టు ఎవడెక్కుతాడు?

"వాడేం చిన్నపిల్లగాడా? చేతితోని ముట్టి చూసి తీస్కపోయిండు" అన్నాను. "ఆడలేక మద్దెల ఓడన్నడట నీ కొడుకసొంటోడే. వానికి చాతగాక నా దుకాణం మీద ఏస్తే ఎట్ల?"

కొమురమ్మ నా వెనక నిలబడ్డ స్రవ్యను చూసింది. "బిడ్డా, నువ్వు వద్దన్నవని మా వోడు చెప్పిండు. నువ్వన్న చెప్పు."

స్రవ్య నోరు తెరిచింది. ఆ నోరు ఎలా మూయాలో నాకు తెలుసు. "చెప్పు కోడలా, చెప్పు" అన్నాను మెల్లగా. "చైన్ కోసింది ఎవరు, రివిట్ కొట్టింది ఎవరు? నీ మొగని పేరు నీ నోటితోనే చెప్పు. రేపు పోలీసోళ్ళు వస్తే ఎవరిని తీస్కపోతరో అది గుడ చెప్పు."

ఆమె శ్రవణ్ వైపు చూసింది. వాడు కుక్కిన పేనులా మూల నిలబడి స్క్రూల డబ్బాలు సర్దుతున్నాడు. స్రవ్య పెదాలు బిగించుకుంది. కొమురమ్మ క్యాన్‌లోంచి చైన్ తీసి కింద పెట్టి, ఖాళీ క్యాన్ తీసుకుని లేచింది. చైన్‌ను మెట్టు మీదే వదిలేసి పోయింది. నెత్తురు ఎండి గట్టిపడి, కొన్ని లింకులు కదలడం లేదు. ఆగయ్యతో దాన్ని తీయించి పాత ఇనుము డబ్బాలో వేయించాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఉలిపికట్టెకు ఊరందరి దారి ఎందుకు నచ్చుతుంది? అదే రోజు మధ్యాహ్నం స్రవ్య వెంకటనారాయణకు ఫోన్ చేసిందట. మొగుడి పేరెత్తలేదు, నా పేరెత్తలేదు. "అంజన్ అన్న తప్పేం లేదు, మా దుకాణం నుంచే గలత్ చైన్ వచ్చింది" అని మాత్రం చెప్పిందట. నాకు ఈ సంగతి వెంకటనారాయణే ఫోన్ చేసి చెప్పాడు. "రేపు అంజన్‌ను ఎంబడి తీస్కొని వస్త వదినమ్మా, ముఖాముఖి తేల్చుకుందాం" అన్నాడు.

అప్పుడు నాకు కాళ్ళ కింద నేల కదిలింది. కానీ సోమయ్య పెళ్ళాన్ని, అంత తేలిగ్గా పడిపోతానా? సాయంత్రమంతా ఆలోచించాను. కోడల్ని తిట్టలేదు, కొట్టలేదు. అన్నంలో నెయ్యి కూడా వేశాను. ఆమెకే అనుమానం వచ్చినట్టుంది, ముద్ద ముద్దకీ నా వైపు చూసింది.

పొద్దున ముసురు పడుతోంది. బోణీ త్వరగానే అయింది, దేవుడి దయ. వెంకటనారాయణ కారు దిగి, ఎదురు దుకాణంవాడు పలకరిస్తే అక్కడే చాయ్ తాగుతూ నిలబడిపోయాడు. అంజన్ ముందుగా మెట్టెక్కాడు. వాడిని చూస్తే గుర్తుపట్టలేం. కుడిచేతికి బోర్లించిన చెంబంత కట్టు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్ను చూసి అలవాటుగా దండం పెట్టబోయాడు. రెండు చేతులూ కలవలేదు.

ఇంతకంటే మంచి సమయం దొరకదు. వాడిని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టాను.

"అంజన్, విను. ఇప్పుడు సేటు లోపలికి వచ్చి చైన్ ఎవరిచ్చిండ్రని అడుగుతడు. నేనిచ్చిన అన్నవనుకో, నువ్వు అడిగిందే ఇచ్చిన అంట. ఈ బజార్ల నా మాట నమ్ముతరా, నీ మాట నమ్ముతరా? నీ పని పోయినట్టే. మా కోడలు గేజ్ తెల్వక ఇచ్చింది, నువ్వు ఆమెను నమ్మి తీసుకున్నవ్. గిట్ల చెప్పు. నీ పేరు సాఫ్, సేటు కట్టె నీకే. నేను గుడ అవునంట."

"అమ్మా, అక్క ఒక్కతే నన్ను వద్దన్నది" అన్నాడు.

"అవును. వద్దన్నది. ఏమొచ్చింది నీకు? నీ అమ్మకు బర్రెల పేడ ఎత్తే వయసా ఇంక? నీ పెండ్లం పిల్లలు ఏం దినాలె?" అన్నాను. ఉన్నమాటే అన్నాను.

తెర వెనక గాజుల చప్పుడైంది. స్రవ్య అక్కడే ఉంది, అంతా వింది. అంజన్‌కు కూడా ఆ చప్పుడు వినబడింది. వాడు తల తిప్పి తెర వైపు చూడలేదు.

వెంకటనారాయణ చాయ్ ముగించి, కండువాతో తల తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. కుర్చీ వేయించాను.

"చెప్పుండ్రి వదినమ్మా. చైన్ గలత్ అని మీ కోడలు ఫోన్ చేసింది. ఇచ్చింది ఎవరు?"

"పాపం, అదే ఇచ్చింది భాయ్" అన్నాను. "గేజ్ తెల్వదు పిల్లకు. తప్పు తెలిసినంక కడుపుల దాచుకోలేక మీకు ఫోన్ చేసి ఒప్పుకున్నది. ఎంతయినా మంచి కడుపున పుట్టింది కదా."

చూశారా, ఆమె ఫోనే ఆమె మెడకు చుట్టుకుంది. వెంకటనారాయణ అంజన్ వైపు తిరిగాడు. "నిజమేనా అంజన్? నీకు చైన్ ఇచ్చింది స్రవ్యనేనా?"

అంజన్ కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు. వానచుక్కలు రేకు మీద పడుతున్నాయి. శ్రవణ్ స్క్రూల డబ్బా పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. నేను గల్లాపెట్టె అంచు పట్టుకున్నాను, అబద్ధమెందుకు.

"అవ్ సేటు" అన్నాడు అంజన్. "అక్కనే ఇచ్చింది. మంచిగుంటది తీస్కో అన్నది. నమ్మి తీసుకున్న."

వెంకటనారాయణ నిట్టూర్చి, వెంటనే నవ్వేశాడు. "ఆడపిల్లను కూసోబెట్టి గేజ్ లెక్కలు చూడమంటే గిట్లనే అయితది. గరిటె లెక్కలు అప్పజెప్పుండ్రి వదినమ్మా" అన్నాడు. అంజన్ భుజం తట్టాడు. "నీదేం తప్పు లేదురా. నీ తమ్మున్ని తీస్కొని రా. మొద్దు నీకోసం అట్లనే ఉంచిన."

నేనూ నవ్వాను. శ్రవణ్ కూడా నవ్వబోయి, నవ్వు రాక దగ్గాడు.

అప్పుడు స్రవ్య తెర తీసుకుని బయటికి వచ్చింది. నేను ఎదురుచూస్తున్నది దానికే. అరుస్తుంది, ఏడుస్తుంది, అబద్ధం అంటుంది, నలుగురిలో రచ్చ చేస్తుంది. ఆమె అరిస్తే వెంకటనారాయణ నన్నే నమ్ముతాడు, అత్తను ఎదిరించే కోడల్ని ఈ బజారులో నమ్మినవాళ్ళు లేరు. నా జవాబులన్నీ నాలిక చివరే ఉన్నాయి.

ఆమె అంజన్ ముందుకు వచ్చి నిలబడింది. వాడు తల ఎత్తలేదు.

"అన్నా, కట్టు వానకు తడిసింది" అంది. "గట్లనే ఉంచుకుంటే చీము పడ్తది. పోతా పోతా మార్పించుకో."

అంతే. అంజన్ భుజాలు కదిలాయి. ఎడమచేత్తో మొహం కప్పుకుని, మగవాడు అంత మంది ముందు ఎలా ఏడవకూడదో అలా ఏడ్చాడు. వెంకటనారాయణ, నొప్పి పెడుతోందనుకుని వాడిని పట్టుకుని కారు దాకా తీసుకుపోయాడు.

వాళ్ళు పోయాక శ్రవణ్ వైపు చూశాను. వాడికి చెప్పాల్సింది పొద్దున్నే చెప్పి ఉంచాను. "స్రవ్యా, రేపటి సంది పైననే ఉండు. కిందికి రావద్దు" అన్నాడు, డబ్బా వైపు చూస్తూ. ఆమె కొలత రేకును గల్లాపెట్టె మీద పెట్టి పైకి పోయింది.

నేను గెలిచాను. దుకాణం పేరు నిలబడింది, అంజన్‌కు పని దొరికింది, కోడలు వంటింట్లో ఉంది. ఎవరికైనా అన్యాయం జరిగిందా చెప్పండి? అయినా ఆ మధ్యాహ్నం పైన ఇంట్లోకి పోయే మెట్ల కింద నిలబడి విన్నాను. కోడలు ఒక్కసారి ఏడిస్తే చాలు, నా కడుపు చల్లబడేది. కుక్కర్ విజిల్ వినబడింది, పోపు చప్పుడు వినబడింది. ఏడుపు వినబడలేదు.

అన్నానికి కూర్చుంటే అందరికంటే ముందు నాకే వడ్డించింది. శ్రవణ్ తల దించుకుని తింటున్నాడు. ఆమె మొహంలోకి చూశాను, కళ్ళలోకి చూశాను. నా మీద కోపం కూడా లేదు, గోడను చూసినట్టు చూసి పప్పు వేసింది. రెండు ముద్దలు తిన్నాను, మూడోది దిగలేదు. కారం ఇంత పోసి తగలబెట్టావేమిటని కంచం తోసేశాను.

కారం సరిగ్గానే ఉంది.